నడక యాప్‌లు: చెరువు కట్ట మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి వచ్చేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఫోన్ చూసుకుంటూనే నడుస్తున్నారు. హన్మకొండలో మా కాలనీలో ఫోన్ సంగతి ఏదొచ్చినా నన్నే పిలుస్తారు. అందుకే "సార్, గిండ్ల స్టెప్స్ ఎక్కడ కనిపిస్తయ్?" అన్నదాని నుంచి "మా ఆయనకు షుగర్, ఎంత నడవాలె?" అన్నదాని దాకా అన్నీ నా దగ్గరికే వచ్చాయి. నేను డాక్టర్ని కాదు. ఆరేళ్లుగా యాప్ పెట్టుకుని నడుస్తున్నవాణ్ణి, దాని గురించి దొరికింది చదివినవాణ్ణి, అంతే. ఒకే జవాబు పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

యాప్ వేసుకుంటే నిజంగా నడక పెరుగుతుందా?

పెరుగుతుంది. కాకపోతే మనం ఊహించుకున్నంత కాదు. 28 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. అన్నీ కలిపితే ఏడు వేల మందికి పైగా పెద్దవాళ్లు. ఫోన్ యాపో, చేతికి కట్టుకునే ట్రాకరో వాడినవాళ్లు, వాడనివాళ్ల కన్నా రోజుకు సగటున 1,850 అడుగులు ఎక్కువ వేశారు. అంటే ఇరవై నిమిషాల లోపు నడక. గుర్తుచేస్తూ మెసేజ్ పంపేవి, మనిషిని బట్టి లక్ష్యం మార్చేవి ఇంకొంచెం బాగా పనిచేశాయి. అయితే ఆ పరీక్షల్లో చాలావరకు కొద్ది నెలలవే. ఏళ్ల తరబడి అదే ఊపు ఉంటుందని వాటిని చూసి చెప్పలేం.

ఇరవై నిమిషాలేనా అని తీసిపారేయకండి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల దాకా ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు ఇరవై నిమిషాలైతే వారానికి 140. దాదాపు అక్కడికి చేరినట్టే.

10,000 అడుగులు పూర్తి కాకపోతే లాభం లేదా?

నన్ను ఎక్కువసార్లు అడిగింది ఇదే. ఆ అంకె ఏ డాక్టరూ పరీక్ష చేసి చెప్పింది కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ మరుసటి ఏడు జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. పేరు 'మాన్పో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు అది. అరవై ఏళ్లు తిరిగేసరికి మన ఫోన్లలో లక్ష్యమై కూర్చుంది.

లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న ఆడవాళ్లను గమనించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచినవాళ్లతో పోలిస్తే 4,400 నడిచినవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దగ్గరికి వచ్చాక లాభం పెరగడం ఆగిపోయింది. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్షలో కూడా 7,000 అడుగులే మంచి లక్ష్యంగా తేలింది: 2,000 నడిచేవాళ్లతో పోలిస్తే మరణం ముప్పు 47 శాతం తక్కువ. జబ్బున్న మనిషి ఎటూ తక్కువే నడుస్తాడు కదా, కాబట్టి ఈ శాతాలన్నీ నడక పుణ్యమే అనుకోకూడదు. అయినా దారి ఎటో తెలుస్తూనే ఉంది. రెండు వేల దగ్గర ఉన్నవాడు నాలుగు వేలకు వస్తే దొరికే లాభం, ఎనిమిది వేల దగ్గర ఉన్నవాడు పది వేలకు వెళ్తే దొరికేదాని కన్నా చాలా పెద్దది.

అందుకే నేనైతే యాప్ వేసిన మొదటి వారం లక్ష్యం జోలికి పోవద్దంటాను. రోజూ ఎట్లా తిరుగుతారో అట్లాగే తిరగండి. ఏడు రోజుల సగటు చూడండి. దానికి ఒక వెయ్యి కలపండి, అదే మీ లక్ష్యం. రెండు మూడు వారాలు అది నిలబడ్డాక ఇంకో వెయ్యి. యాప్‌లో లక్ష్యం అంకెను మనమే మార్చుకోవచ్చు. చాలామందికి ఆ సంగతి తెలియక పదివేలు చూసి బెదిరిపోతున్నారు. కట్ట మీద కలిసి నడిచే మా గ్రూపులో రిటైరైన ఒకాయన మొదటి వారం సగటు 2,300 చూసి ఫోన్ పాడైందన్నాడు. ఫోన్ బాగానే ఉంది. రోజంతా తిరుగుతూనే ఉన్నాననుకున్నాడు, తిరిగింది బండి మీద.

ఏ యాప్ వేసుకోవాలి?

ముందు ఫోన్‌లో ఏముందో చూడండి. శాంసంగ్ ఫోన్లకు శాంసంగ్ హెల్త్, ఐఫోన్‌కు హెల్త్ యాప్ కంపెనీ ఇచ్చేవే. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం రోజు, ఫిట్ ఇండియా యాప్ తెచ్చింది; అదీ ఉచితమే. పరుగెత్తేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు స్ట్రావా వాడతారు. నడకకు మాత్రం డబ్బులు కట్టి యాప్ కొనాల్సిన అవసరం నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. అంకె పెద్దగా కనిపించాలి, వారం సగటు చూపాలి, లక్ష్యం మార్చుకునే వీలుండాలి. ఈ మూడూ ఉంటే చాలు.

బండి మీద పోతే కూడా అడుగులు పెరుగుతున్నాయి. ఆ లెక్కను నమ్మాలా?

ఫోన్‌లో కదలికను పట్టే చిన్న చిప్ ఉంటుంది, పేరు యాక్సిలరోమీటర్. మనం నడిచేటప్పుడు ఒంట్లో ఒకే లయలో ఊపు పుడుతుంది. ఆ ఊపు కనిపిస్తే అడుగు అని రాసుకుంటుంది. గుంతల రోడ్డు మీద బండి కుదుపు కూడా అప్పుడప్పుడు దానికి అట్లాగే కనిపిస్తుంది. దీనికి రివర్స్ కూడా ఉంది: ఫోన్ టేబుల్ మీద పెట్టి ఇల్లంతా తిరిగితే ఒక్క అడుగూ లెక్కకు రాదు.

ఒకసారి మీరే పరీక్ష చేసుకోండి. నోటితో లెక్కపెడుతూ వంద అడుగులు వేసి ఫోన్ చూడండి. తొంభై అయిదు, నూట మూడు అట్లా వస్తే బాగున్నట్టే. నలభై వస్తే సెట్టింగుల్లో ఏదో అడ్డు పడుతోంది. ఆండ్రాయిడ్ 10 నుంచి మీ కదలికలు చూడాలంటే యాప్ అనుమతి అడగాలి; తొందరలో 'వద్దు' అని నొక్కి ఉంటారు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ యాప్‌ను వెనకాల ఆపేస్తుంది. బ్యాటరీ మాటకొస్తే, అడుగుల లెక్కకు పెద్దగా ఖర్చు కాదు. దారి మ్యాప్ గీయమని జీపీఎస్ పెట్టుకుంటేనే బాగా తాగేస్తుంది.

లెక్క అచ్చంగా ఉండాల్సిన పని కూడా లేదు. తప్పు రోజూ ఒకే తీరుగా ఉంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. మనకు కావాల్సింది అదే.

చీరకు జేబు ఉండదు కదా! మరి ఆడవాళ్లు ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి?

ఈ ప్రశ్న మా పక్కింటి వదినగారు అడిగేదాకా నాకు తట్టనే లేదు. యాప్ ఆమెకు రోజూ ఎనిమిది వందలు, తొమ్మిది వందలు చూపిస్తోంది. ఫోనేమో వంటగది అరుగు మీద. ఆమె మాత్రం వాకిలి, పెరడు, మేడ మీద బట్టలు, మళ్లీ కింద. "నేను రోజంతా కూసున్నట్టు రాస్తుంది ఇది" అని కోపం. కోపం న్యాయమే.

దారులు రెండు. పర్సుకు తాడు కట్టి మెడలోనో నడుముకో వేసుకోవడం ఒకటి. ఫోన్ ఒంటికి ఆని ఉంటే లెక్క బాగా వస్తుంది, చేతిసంచిలో వేలాడితే కొంచెం తగ్గుతుంది. రెండోది చేతికి కట్టుకునే బ్యాండ్. ఖరీదైనది అక్కర్లేదు, అడుగులు చూపితే చాలు.

అయితే ఇంటి పని చేస్తున్నాం కదా, ఇంకా నడక ఎందుకు అంటే అది వేరే సంగతి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం, 2022 నాటికి మన దేశంలో దాదాపు సగం మంది పెద్దవాళ్లకు చాలినంత శ్రమ లేదు. మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. పని లేక కాదు, బయటికి వచ్చే తీరిక లేక. పొద్దున ఆరింటికి కట్ట మీద మగవాళ్లం ఇంతమందిమి చేతులూపుకుంటూ నడుస్తున్నామంటే ఆ వేళకు ఇంట్లో పొయ్యి ఎవరో వెలిగించారనే. దీనికి యాప్‌లో బటన్ లేదు. మా గ్రూపులో ఒక జంట వారంలో మూడు రోజులు ఆమె, మూడు రోజులు ఆయన అని పంచుకున్నారు. ఆయన చేసే ఉప్మా సంగతి ఇక్కడ రాయను.

ఎండాకాలం ఏం చేయాలి?

మే నెలలో వరంగల్‌లో, రామగుండంలో 42 డిగ్రీలు దాటడం మామూలే. యాప్‌కు ఇవేవీ పట్టవు. మధ్యాహ్నం మూడింటికి 'లేవండి, ఇంకా 4,000 మిగిలాయి' అంటుంది. మాట వినకండి. ఏప్రిల్, మే నెలల్లో లక్ష్యం మీరే తగ్గించుకోండి. అది ఓటమి కాదు. పొద్దున ఆరున్నరలోపు ముగించండి, లేదా పొద్దుగూకాక ఇంటి ముందు, మేడ మీద. ఒకేసారి నడవాలన్న నియమం కూడా ఇప్పుడు లేదు. పది నిమిషాలకు తగ్గితే లెక్కలోకి రాదని ఇదివరకు చెప్పేవారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. ఫోన్ మాట్లాడుతూ వరండాలో తిరిగినా లెక్కే. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా నడక ఆపి నీడకు వెళ్లండి.

పొలం పని చేసేవాళ్లకు ఇది అవసరమా?

పత్తి ఏరే మనిషికి, నాటు వేసే మనిషికి యాప్ పెట్టి నడవమనడం కన్నా సిగ్గుచేటు ఇంకోటి లేదు. పైగా నాట్లేసేటప్పుడు వంగి మెల్లగా వెనక్కి జరుగుతారు కాబట్టి ఫోన్ దాన్ని పనిగానే గుర్తించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పొలం పని, ఇంటి పని, పనికి నడిచివెళ్లడం అన్నీ శ్రమే. నాకు తెలిసినవాళ్లలో చిక్కు వచ్చింది ఊరు వదిలాకే. పాతికేళ్లు వ్యవసాయం చేసి, పిల్లల దగ్గరికని హన్మకొండ వచ్చి, అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చున్నవాళ్లు. తిండి పొలం నాటిదే, పని మాత్రం లేదు. యాప్ అవసరం వాళ్లకు ఉంది.

బతుకమ్మ ఆడితే లెక్కకు వస్తుందా?

ఎందుకు రాదు! చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ గంటసేపు చుట్టూ తిరగడం మంచి వ్యాయామం. ఫోన్ ఇంట్లో వదిలేస్తే మీ యాప్‌కు తెలియదు, గుండెకు తెలుస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మా ఆవిడ బ్యాండ్ ఒక్క సాయంత్రంలో ఆమె వారం సగటును దాటేసింది. చాలా యాప్‌లలో డ్యాన్స్ అని ఎంచుకుని నిమిషాలు చేత్తో రాసుకునే వీలుంది.

ఎంత వేగంగా నడవాలి?

పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే ఓ మోస్తరు శ్రమ. అంకె కావాలంటే నిమిషానికి సుమారు వంద అడుగులు.

షుగర్, బీపీ ఉన్నాయి. యాప్ చెప్పినట్టు నడవచ్చా?

నడక మంచిదే, కానీ ఎంత, ఎప్పుడు అన్నది యాప్‌ను కాదు, మీ డాక్టర్ని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో గట్టిగా నడిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం దాని గుర్తులు. జేబులో నాలుగు చక్కెర పలుకులో, గ్లూకోజ్ పొట్లమో ఉంచుకోండి. అరికాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు చెప్పుల్లేకుండా గడ్డి మీద నడవడం మానేయండి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు అనిపిస్తే అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి. మిగిలిన అడుగులు ఎటూ పోవు.

ఒక మంచి కబురు కూడా ఉంది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల మీద న్యూజిలాండ్‌లో జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినదానికన్నా, మూడుపూటలా తిన్నాక పది నిమిషాల చొప్పున నడిస్తే, తిన్న తర్వాత పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. ఎక్కువ తేడా రాత్రి భోజనం తర్వాతి నడకతో వచ్చింది. యాప్‌లో రాత్రి తిండి వేళకు ఒక్క రిమైండర్ పెట్టుకుంటే చాలు. మా ఇంట్లో తొమ్మిదింటికి అది మోగుతుంది, వీధి చివరి దాకా వెళ్లొస్తాం. కుక్కలున్నాయి కాబట్టి ఇద్దరం కలిసే పోతాం.

యాప్ వాడితే బరువు తగ్గుతుందా?

నడక ఒక్కదానితో పెద్దగా తగ్గదు. 2016లో జామా అనే వైద్య పత్రికలో అచ్చయిన ఒక అమెరికా పరీక్ష సంగతి వింటే నవ్వొస్తుంది. రెండు జట్లకూ తిండి, వ్యాయామం సలహాలు ఇచ్చి, ఒక జట్టుకు మాత్రం ట్రాకర్ కట్టారు. రెండేళ్ల తర్వాత చూస్తే ట్రాకర్ కట్టుకున్నవాళ్లు 3.5 కిలోలు తగ్గారు, కట్టుకోనివాళ్లు 5.9 కిలోలు! కారణం వాళ్లు తేల్చలేదు. నా అనుమానం నాకుంది: 300 కేలరీలు ఖర్చయ్యాయని తెరమీద కనబడగానే, వాకింగ్ అయ్యాక రెండు మిర్చి బజ్జీలకు లైసెన్స్ వచ్చినట్టే మనకు. ఆ కేలరీల అంకె ఉజ్జాయింపు మాత్రమే. దాన్ని చూసి తినకండి.

ఫ్రెండ్స్‌తో పోటీ పెట్టుకుంటే మంచిదా?

మొదట్లో బాగా పనిచేస్తుంది. మేమూ పన్నెండు మందిమి వాట్సాప్‌లో రోజూ రాత్రి అంకె పెట్టేవాళ్లం. రెండు వారాలు ఊపు ఊపింది. మూడో వారం ఒకాయన వరసగా పద్దెనిమిది వేలు పెట్టాడు. ఏమిటా అని ఆరా తీస్తే, క్రికెట్ ఆడే మనవడి జేబులో ఫోన్ వేసి గ్రౌండుకు పంపుతున్నాడు. అందరం నవ్వుకున్నాం గానీ, అప్పటికే మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు ఆయన్ని అందుకోబోయి మంచమెక్కారు. ఇంకో ముగ్గురు ఎప్పుడూ అడుగునే ఉండి, చప్పుడు చేయకుండా గ్రూపు వదిలేశారు. నడక ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ముందు పోయారు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ఎన్ని నడిచారన్నది ఎవరూ పెట్టరు. తన గత వారం సగటును ఎవరైతే దాటారో వాళ్లు ఒక చెప్పు బొమ్మ పెడతారు. మూడు వేల నుంచి మూడున్నరకు వచ్చిన అమ్మకూ, తొమ్మిది నుంచి తొమ్మిదిన్నరకు వెళ్లిన కుర్రాడికీ ఒకటే చెప్పు. మరుసటి పొద్దున కట్ట దగ్గర ఎవరు ఎవరికోసం ఆగుతారో కూడా ముందురోజే రాసుకుంటాం. నిజం చెప్పాలంటే యాప్ కన్నా అదే ఎక్కువమందిని లేపుతోంది. ఒకాయన గేటు దగ్గర నిలబడ్డాడని తెలిస్తే దుప్పటి కప్పుకుని పడుకోలేం.

నోటిఫికేషన్లు చిరాకు పెడుతున్నాయి.

అన్నీ ఆపేసి ఒక్కటే ఉంచండి, అదీ మీరు నిజంగా లేవగలిగే వేళకు. బస్సులో ఉన్నప్పుడు నడవమంటే ఎవరికైనా మండుతుంది.

నాది షిఫ్టు డ్యూటీ. రోజు లెక్క కుదరడం లేదు.

గోదావరిఖని నుంచి మా బావమరిది అడిగిన ప్రశ్న. యాప్ రోజు అర్ధరాత్రి మారుతుంది, నైట్ షిఫ్ట్ మనిషి రోజు అప్పుడు సగంలో ఉంటుంది. ఒక తేదీలో పన్నెండు వేలు, మర్నాడు పదిహేను వందలు చూపిస్తుంది. రోజును వదిలేసి వారం మొత్తం చూసుకోండి. నైట్ దిగి వచ్చాక మాత్రం అడుగుల కోసం నిద్ర చెడగొట్టుకోవద్దు.

నడిస్తే డబ్బులిస్తామనే యాప్‌లు నిజమేనా?

కొన్ని చిన్న కూపన్లు ఇస్తాయి, అది వాళ్ల ప్రకటనల ఖర్చు. 'ముందు 499 కట్టండి, రోజూ అడుగుకింత వస్తుంది' అన్నదాని జోలికి పోకండి. ప్లే స్టోర్‌లో కాకుండా వాట్సాప్‌లో లింకుగా, ఏపీకే ఫైల్‌గా (యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైల్) వచ్చింది అసలే వేసుకోవద్దు. అడుగులు లెక్కపెట్టే యాప్‌కు మీ మెసేజ్‌లు చదివే అనుమతితో పనేంటి? ఓటీపీ కోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నేను ఎక్కడ నడుస్తున్నానో అందరికీ తెలిసిపోతుందా?

అడుగులు మాత్రమే లెక్కపెట్టుకుంటే లొకేషన్ ఇవ్వనక్కర్లేదు. దారి మ్యాప్ పంచుకునే యాప్‌లతోనే జాగ్రత్త. స్ట్రావా 2017లో వేసిన మ్యాప్‌లో, పరుగెత్తే సైనికుల దారులను బట్టి కొన్ని సైనిక స్థావరాల ఆనవాళ్లు 2018 జనవరిలో బయటపడ్డాయి. సైన్యానికే తప్పలేదు. ఒంటరిగా నడిచే ఆడవాళ్లు, అమ్మాయిలు దారి, వేళ ఎవరికీ కనిపించకుండా ప్రైవసీ సెట్టింగ్ మార్చుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో మ్యాప్ పెట్టడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

రెండు వారాలకే మానేస్తున్నాను. ఏం చేయాలి?

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాటను నమ్మి చాలామంది ఇరవై రెండో రోజు నిరాశపడతారు. లండన్‌లో ఒక యూనివర్సిటీవాళ్లు 2010లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. వరసగా ఎన్ని రోజులు నడిచామో చూపే లెక్క యాప్‌లో తెగిపోయి సున్నా కనిపిస్తుంది చూశారూ, దాంతోనే చాలామంది మానేస్తారు. పెళ్లికి పోయామో, జ్వరమొచ్చిందో దానికేం తెలుసు? వరస చూపించే బొమ్మను ఆపేసే వీలుంటే ఆపేయండి.

ఇంకో మాట. నడక ఒక్కటే చాలదు, వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. దీన్ని అడుగుల యాప్ ఎప్పుడూ గుర్తుచేయదు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, మెట్లెక్కడం, ఇవి చాలు మొదలుపెట్టడానికి.

నా దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. మరి?

నడుముకు తగిలించుకునే అడుగుల మీటర్ల మీద వచ్చిన పాత పరీక్షలను 2007లో కలిపి చూస్తే, అవి వాడినవాళ్లు కూడా రోజుకు సుమారు 2,500 అడుగులు ఎక్కువే నడిచారు. అందులోనూ ఒక లక్ష్యం పెట్టుకోవడమే ముఖ్యమని తేలింది. అది ఫోన్‌లోనే ఉండాలని లేదు. పబ్లిక్ గార్డెన్‌కు వచ్చే ఒక పెద్దాయన కీప్యాడ్ ఫోన్ మనిషి. కుడి జేబులో చింతగింజలు వేసుకొస్తాడు, ఒక్కో రౌండుకు ఒక గింజ ఎడమ జేబులోకి మారుస్తాడు. పోయిన ఉగాదికి ఆరు గింజలు తెచ్చేవాడు. మొన్న అడిగితే ఎనిమిది అన్నాడు.